సీసా నుంచి పగులు దాకా: విండ్‌షీల్డ్ రెజిన్ మీద అపోహలు - వాస్తవాలు

ఓఆర్ఆర్ మీద టిప్పర్ వెనకాల వెళ్తుంటే ఒక కంకర రాయి లేచి ముందద్దానికి తగులుతుంది. అయిదారు మిల్లీమీటర్ల మచ్చ పడుతుంది, దాని చుట్టూ సన్నటి కాళ్లు, అంటే పగులు గీతలు. ఆ కారు మా షెడ్డుకు వచ్చాక ఓనర్లు మొదట అడిగేది ఒకటే: "ఏ కంపెనీ రెజిన్ వాడ్తవ్ అన్నా?" రెజిన్ అంటే పగులులో నింపి, యూవీ వెలుతురుతో గట్టిపరిచే ద్రవం. అడగాల్సిన ప్రశ్నే. కానీ నేను చూసిన చెడిపోయిన రిపేర్లలో ఎక్కువ భాగం మంచి రెజిన్‌తో చేసినవే. ఆ రెజిన్ సీసాలోంచి బయటికొచ్చి పగులులోకి చేరేలోపు పాడైపోయింది. వెలుతురు, వేడి, తడి, మురికి, మన వేళ్లు, ఈ అయిదూ దాన్ని పాడుచేస్తాయి. కొత్తగా కిట్టు కొని పని మొదలుపెట్టిన తమ్ముళ్ల కోసం, ఇంటి దగ్గరే చేసుకుందామనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. కార్ల ముందద్దం ఒక్క గాజు కాదు. సుమారు రెండేసి మిల్లీమీటర్ల మందమున్న రెండు గాజు పలకల మధ్య పీవీబీ అనే ప్లాస్టిక్ పొర ఉంటుంది. అది సాధారణంగా 0.76 మిల్లీమీటర్లు. రాయి దెబ్బకు బయటి పలక మాత్రమే పగిలితే రిపేరు కుదురుతుంది. లోపలి పలక కూడా పగిలితే అద్దం మార్చాల్సిందే. డోరు అద్దాలు, వెనకద్దం చాలా కార్లలో టెంపర్డ్ గాజు. వాటికి చిప్ రిపేరు అనేదే లేదు, పగిలితే పొడిపొడి అవుతాయి.

అపోహ: రిపేరు చేస్తే మచ్చ పూర్తిగా మాయమైపోవాలి.

పగులు మనకు కనిపించేది అందులో గాలి ఉండటం వల్ల. గాజు వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) సుమారు 1.52, గాలిది 1. ఆ తేడా దగ్గర కాంతి విరిగి, పగులు నల్లగానో వెండి గీతలాగానో మెరుస్తుంది. రెజిన్ గుణకం గాజుకు బాగా దగ్గరగా ఉంటుంది కాబట్టి గాలి పోయి రెజిన్ నిండిన చోట గీత కనబడదు. రాయి తగిలిన చోట మాత్రం గాజు పొడై రాలిపోయి ఉంటుంది. అక్కడ చిన్న గుర్తు మిగులుతుంది. "అసలు కనబడకుండా చేస్తా" అని మాటిచ్చేవాళ్లు కస్టమర్‌కు నిజం చెప్పడం లేదు.

అపోహ: నీడలోనే ఉన్నాం కదా, సీసా మూత తీసి పెట్టినా ఏం కాదు.

ఇది అక్రిలిక్ జాతి ద్రవం. అతినీలలోహిత (యూవీ) కాంతి తగలగానే పని మొదలుపెట్టే ఫోటో ఇనీషియేటర్ అందులో ముందే కలిపి ఉంటుంది. నీడలో ఎండ తగలదు, నిజమే. కానీ ఆకాశం నుంచి, ఎదురుగా ఉన్న సున్నపు గోడ మీద నుంచి, తెల్ల కారు బానెట్ మీద నుంచి యూవీ వస్తూనే ఉంటుంది. సీసాను నల్లగానో ముదురు గోధుమ రంగులోనో తయారుచేసేది అందుకే. మూత తీసి పెట్టిన సీసా ముక్కు దగ్గర ఒక సన్నటి పొర గట్టిపడుతుంది. తర్వాత పిండినప్పుడు ఆ పొర ముక్కలై రెజిన్‌తో పాటు ఇంజెక్టర్‌లోకి, అంటే రెజిన్‌ను పగులులోకి ఎక్కించే పరికరంలోకి దిగుతుంది. వెంట్రుకంత సందులోకి వెళ్లాల్సిన ద్రవంలో ఆ పలుకులుంటే ఇక ముందుకు కదలదు. అలాంటప్పుడు "ఈ బ్యాచ్ బాగలేదు" అని రెజిన్‌ను తిట్టుకుంటారు. మూత తియ్యాలి, చుక్కలు వెయ్యాలి, మూత పెట్టాలి, సీసాను పౌచ్‌లో పెట్టెయ్యాలి. ఇంజెక్టర్ బిగించాక దాని మీద, అద్దం మీద కలిపి ఒక నల్ల గుడ్డ కప్పండి. ఇంతకంటే చవకైన పనిముట్టు మన దగ్గర ఇంకోటి లేదు.

అలాగే సికింద్రాబాద్ రాణిగంజ్ వైపు పెద్ద డబ్బాలోంచి చిన్న తెల్ల డ్రాపర్ సీసాల్లోకి ఒంపి ఇచ్చే లూజ్ రెజిన్ కొనకండి. ఎప్పుడు తయారైందో తెలియదు, ఎంత వెలుతురు చూసిందో తెలియదు, ఆ సీసాలో అంతకుముందు ఏముందో కూడా తెలియదు.

అపోహ: ఎక్కువ పోస్తే బాగా నిండుతుంది.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే పనంతా ఇక్కడే ఉంది. చాలా ఇంజెక్టర్లకు మూడు నాలుగు చుక్కలు చాలు. ఇంజెక్టర్ చేసే పని రెండు రకాలు. ప్లంజర్‌ను, అంటే దాని లోపల కదిలే కడ్డీని, వెనక్కి తిప్పితే వాక్యూమ్ ఏర్పడి పగులులోని గాలి బుడగలుగా పైకొస్తుంది. ముందుకు తిప్పితే ఒత్తిడితో రెజిన్ లోపలికి వెళ్తుంది. బయటికొచ్చే ఆ గాలికి సిలిండర్‌లో చోటుండాలి కదా! గొంతు దాకా రెజిన్ నింపేస్తే వాక్యూమ్ సరిగ్గా రాదు, గాలి పగులులోనే ఉండిపోతుంది. ఆ గాలి ఉన్న కాళ్లు వారం తర్వాత కూడా మెరుస్తూనే ఉంటాయి.

చుక్కలు వేసేటప్పుడు సీసా ముక్కును ఇంజెక్టర్ అంచుకు ఆనించకండి. అక్కడున్న గాజు పొడి, పాత రెజిన్ సీసా ముక్కుకు అంటుకుని మొత్తం సీసాలోకి పోతాయి. సిలిండర్‌ను కొంచెం వాల్చి, చుక్క లోపలి గోడ మీదుగా జారేలా వేస్తే బుడగ కట్టదు. ఆ తర్వాత కారు లోపలి నుంచి చిన్న ఇన్‌స్పెక్షన్ మిర్రర్ పెట్టి చూస్తూ ప్లంజర్‌ను పావు తిప్పు, పావు తిప్పు చొప్పున కదపండి. నల్లగా ఉన్న ఒక్కో కాలు మొదలు నుంచి కొస దాకా చెరిగిపోతూ వెళ్లడం కళ్ల ముందే కనిపిస్తుంది. కొస దగ్గర ఆగిపోయిందంటే ఒత్తిడి పెంచకండి. వదిలేసి, మళ్లీ వాక్యూమ్‌కు తీసుకురండి. బలంగా బిగించినకొద్దీ ఆ కాలు పొడుగవుతుంది, కస్టమర్ కళ్ల ముందే అద్దం అడ్డంగా చీలిపోవచ్చు.

"గింత సుక్కకు గింత సేపా అన్నా?" అని అడుగుతారు. అడగనివ్వండి. ఆ కొస నిండే దాకా యూవీ దీపం వెలిగించకండి. ఒకసారి గట్టిపడిన రెజిన్‌ను బయటికి తీసే దారి లేదు.

పని అయ్యాక ఇంజెక్టర్‌లో మిగిలింది తిరిగి సీసాలో పోయడం కొన్నిచోట్ల చూశాను. రెండు చుక్కల పొదుపు కోసం నిండు సీసా పాడుచేసుకున్నట్టే. తుడిచి పారేయండి.

అపోహ: ఏ పగులుకైనా ఒకే రెజిన్.

రెండు రకాలు దగ్గర పెట్టుకోవాలి. సన్నటి కాళ్లున్న స్టార్ బ్రేక్‌కు, పొడుగు పగుళ్లకు దాదాపు నీళ్లలా జారే పలుచటిది. పైన రాయి తగిలిన గుంటకు ఆముదంలా నిలిచే చిక్కటిది, దాన్నే పిట్ రెజిన్ అంటాం. పలుచటిది గుంటలో పోస్తే వాలుగా ఉన్న అద్దం మీద కారిపోతుంది. చిక్కటిది కాళ్లలోకి దూరదు.

అపోహ: యూవీ లైటు లోపల నుంచి పెట్టినా ఒకటే, బయట నుంచి పెట్టినా ఒకటే.

ఒకటి కాదు. మధ్యలో ఉన్న పీవీబీ పొర యూవీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. లోపలి సీటు మీద కూర్చుని ఎంతసేపు పట్టుకున్నా రెజిన్‌కు చేరాల్సింది చేరదు. లైటు బయటి నుంచే పెట్టాలి. నోట్లు సరిచూసే నీలం టార్చితో పని కానిచ్చేవాళ్లూ ఉన్నారు. అలాంటి చవక టార్చిలు ఎక్కువగా 395 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర వెలుగుతాయి. ఈ రెజిన్‌లు చాలావరకు 365 దగ్గర బాగా గట్టిపడేలా తయారవుతాయి. పైపైన గట్టిపడి లోపల పచ్చిగా ఉంటే, కొన్నాళ్లకు అక్కడ పసుపు మచ్చ తేలుతుంది. సీసా మీద రాసిన లైటు, రాసినంత సేపు వాడండి.

గట్టిపరిచేటప్పుడు రెజిన్ పైన పెట్టే పారదర్శకమైన చిన్న ఫిల్మ్ ముక్కను కూడా కొందరు అలంకారం అనుకుని మానేస్తారు. గాలిలోని ఆక్సిజన్ ఈ రెజిన్‌ను గట్టిపడనివ్వదు. ఫిల్మ్ లేకపోతే పైపొర జిగటగానే ఉండిపోతుంది. ఆ జిగటకు దుమ్ము పట్టి గుంట నల్లబడుతుంది.

అపోహ: గాలి లేకుండా అంచు దాకా నింపి, ఫ్రిజ్‌లో పెడితే ఎన్నేళ్లైనా ఉంటుంది.

ఇందులో రెండు పొరపాట్లున్నాయి. ఇప్పుడే చెప్పుకున్న ఆ ఆక్సిజనే సీసాలో మనకు కాపలా. అక్రిలిక్ రెజిన్‌లలో తనంత తాను గడ్డకట్టకుండా ఆపే పదార్థాన్ని కొద్దిగా కలుపుతారు. ఎంఈహెచ్‌క్యూ అనేది ఎక్కువగా వాడతారు. అది పనిచేయాలంటే ద్రవంలో కరిగిన ఆక్సిజన్ ఉండాలి. కంపెనీ సీసాలో పైన కొంత ఖాళీ ఉందంటే తక్కువ నింపి మోసం చేశారని కాదు. సీసాను నొక్కి గాలి తీసేసి మూత పెట్టే అలవాటు మానుకోండి.

ఇక ఫ్రిజ్. చల్లటి సీసాను ఆగస్టు ముసురులో బయటికి తీసి వెంటనే మూత తెరిస్తే లోపలికి తేమ చేరుతుంది. ఎప్పుడైనా చల్లగా ఉన్న సీసా తీస్తే, గది వేడికి వచ్చేదాకా మూత తెరవకండి. ఇంట్లో తిండి పెట్టుకునే ఫ్రిజ్‌లో మాత్రం అస్సలు పెట్టకండి. చీకటిగా, చల్లగా ఉండే అల్మరా చాలు. ఇంటికొచ్చి చేసే సర్వీసు వాళ్లు మాత్రం జాగ్రత్త. మే నెలలో మూసిన కారులో డ్యాష్‌బోర్డు 60 డిగ్రీలు దాటడం మామూలే. కిట్టును అక్కడ వదిలేస్తే సాయంత్రానికి రెజిన్ చిక్కబడి ఉంటుంది. మూత గట్టిగా ఉన్న చిన్న ఐస్ బాక్సులో, ఐసు లేకుండా పెట్టుకుని తిరగండి.

అపోహ: అద్దం వేడిగా ఉంటే రెజిన్ తొందరగా పోతుంది, మంచిదే.

వేడికి పలచబడుతుంది, అంతవరకే నిజం. వేడెక్కిన అద్దం అప్పటికే బిగుసుకుని ఉంటుంది. దాని మీద ఇంజెక్టర్ ఒత్తిడి పెడితే కాళ్లు పరుగెత్తుతాయి. అలాగని చన్నీళ్లు చల్లడం ఇంకా ప్రమాదం. ఏసీ ఫుల్లుగా పెట్టుకుని వచ్చిన కారైతే బయట మంట, లోపల చలి. ఏసీ ఆపించి, నీడలో పెట్టి, అరచేయి హాయిగా ఆనేంత వరకు ఆగండి.

వానాకాలంలో సమస్య నీళ్లు. పగులులో నీళ్లుంటే రెజిన్‌కు చోటుండదు, గట్టిపడ్డాక పాలపాలగా కనిపిస్తుంది. హెయిర్ డ్రైయర్‌ను దూరం నుంచి, తక్కువ వేడి మీద తిప్పుతూ ఆరబెట్టాలి. సిగరెట్ లైటర్‌తో కాల్చడం వద్దు. గాజు పగలొచ్చు, పీవీబీ పొర విడిపోయి శాశ్వతంగా మచ్చ పడొచ్చు.

కారు ఓనర్లకు ఒక మనవి: రాయి తగిలిన వెంటనే ఆ చోటును పొడిబట్టతో తుడిచి పారదర్శకమైన టేపు అంటించండి. మా దగ్గరికొచ్చే దాకా షాంపూ వాష్ చేయించకండి. ఫెవిక్విక్ పోయకండి. అది సైనోఅక్రిలేట్ జిగురు, తేమకు క్షణాల్లో గట్టిపడి చుట్టూ తెల్లగా పూస్తుంది. ఇక అసలు రెజిన్‌కు లోపలికి వెళ్లే దారే ఉండదు.

అపోహ: చేతికి అంటితే ఏముంది, థిన్నర్‌తో తుడుచుకుంటే పోతుంది.

తమ్ముళ్లందరూ ఇది తప్పకుండా చదవాలి. గట్టిపడని అక్రిలేట్లు చర్మానికి అలర్జీ తెప్పిస్తాయి. మొదట్లో ఏమీ కాదు, నెలలు గడిచినా ఏమీ కాకపోవచ్చు. ఒకరోజు వేళ్ల కొసలు ఎర్రబడి, దురదపెట్టి, పగలడం మొదలవుతుంది. ఆ అలర్జీ ఒకసారి వచ్చిందంటే జీవితాంతం ఉండిపోతుంది. పంటికి పెట్టే తెల్ల ఫిల్లింగుల్లో, ఎముకల ఆపరేషన్లలో వాడే సిమెంటులో, జెల్ నెయిల్ పాలిష్‌లో ఉండేదీ ఈ కుటుంబమే. రేపు డాక్టరు దగ్గర అవసరం పడినప్పుడు ఇబ్బంది మీకే.

థిన్నర్, అసిటోన్, స్పిరిట్‌తో తుడిస్తే రెజిన్ పోదు, పలచబడి చర్మంలోకి ఇంకుతుంది. టిష్యూతో అద్ది, సబ్బుతో, నీళ్లతో కడుక్కోండి. రబ్బరు లాటెక్స్ గ్లౌజుల్లోంచి అక్రిలేట్లు ఇట్టే దూరిపోతాయి. నైట్రైల్ గ్లౌజులు వాడండి. పలుచటి నైట్రైల్ కూడా ఆపేది కొన్ని నిమిషాలే, కాబట్టి రెజిన్ పడ్డ వెంటనే మార్చండి. రోజంతా ఒకే జత వేసుకుంటే, వేసుకోకపోవడం కంటే చెడు. రెజిన్‌ను లోపల పెట్టుకుని చేతికి పట్టిస్తున్నట్టే. ప్లంజర్ తిప్పేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి, ఒత్తిడి మీదున్న చుక్క ఎటైనా చిమ్ముతుంది. యూవీ దీపం వైపు నేరుగా చూడకండి.

ఇంజెక్టర్ లోపలి రబ్బరు రింగులకు కూడా అసిటోన్ పడదు, ఉబ్బిపోతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే మళ్లీ వాడండి. రెజిన్ అంటిన టిష్యూలను ఒక ఉండగా చుట్టి డబ్బాలో కుక్కకుండా, ఎండలో విడివిడిగా పరిచి, గట్టిపడ్డాక చెత్తలో వేయండి. మోరీలో మాత్రం ఒక్క చుక్క కూడా కడిగేయొద్దు.