భూమిపూజకు ముందే జరగాల్సిన పని: అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో చిన్న పరిశ్రమలు పెట్టేవాళ్లకు ప్రాజెక్టు రిపోర్టులు తయారుచేసి, పర్మిషన్లు చేతికొచ్చేదాకా వెంట తిరగడం నా పని. వచ్చేవాళ్లలో చాలామంది ముహూర్తం పెట్టుకునే వస్తారు. అప్పుడు వాళ్ల నోట నేను తరచూ వినే మాటలివి.

అపోహ: భూమిపూజ జరిగితే ప్రాజెక్టు మొదలైనట్టే.

కడప జిల్లా ఉక్కు ఫ్యాక్టరీనే చూడండి. జమ్మలమడుగు ప్రాంతంలో 2007, 2018, 2019, 2023లలో శంకుస్థాపనలు జరిగాయి. అన్నిసార్లు పూజ జరిగినా, అక్కడి ఉద్యోగాల కోసం ఎదురుచూసిన పిల్లలు బెంగళూరు బస్సెక్కారు. అదే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా వాళ్లు 2017 ఏప్రిల్‌లో ఒప్పందం చేసుకుంటే, 2019 జనవరికి ట్రయల్ కారు బయటికొచ్చింది. భూమి చదును చేయడం, గొల్లపల్లి రిజర్వాయరు నుంచి నీళ్లు తేవడం లాంటి పనులు ఆలోపే జరిగాయి.

అపోహ: స్థలం దొరికితే సగం పని అయిపోయినట్టే.

నాకు ఎక్కువ రోజులు పట్టేది ఇక్కడే. పాస్‌బుక్ ఒక్కటే చూసి నమ్మను. అడంగల్ (సాగు వివరాల రికార్డు), 1బి (హక్కుదారు రికార్డు), ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా) మూడూ తీయిస్తాను. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉందేమో చూస్తాను. మా సీమలో డీకేటీ పట్టాలు, అంటే పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూములు, అడుగడుగునా తగులుతాయి. అసైన్డ్ భూముల బదిలీని అడ్డుకునే చట్టం 1977 నుంచీ ఉంది. తర్వాత సడలింపులు వచ్చిన మాట నిజమే, కానీ మీ పట్టాకు అవి వర్తిస్తాయో లేదో తేలేదాకా రూపాయి అడ్వాన్సు కూడా ఇవ్వొద్దు.

కాగితాలు సరిపోయాక నీళ్లు. కళ్యాణదుర్గం వైపు ఒక తమ్ముడు టమోటా గుజ్జు యూనిట్ పెడతానని నవంబరులో స్థలం చూపించాడు. పక్క చేలో బోరు నిండుగా పోస్తోంది. మిషన్లకు ఆర్డరిచ్చేస్తానంటే, ఎండాకాలం దాకా ఆగమని బతిమాలాను. ఏప్రిల్ చివర్లో మళ్లీ పోయాం. చేను పెద్దాయన మోటరు స్విచ్చి వేశాడు. పైపు కాసేపు గాలి కక్కింది, ఆపైన వేలంత ధార వచ్చింది, పది నిమిషాలకు అదీ ఆగిపోయింది. "కార్తీకంలో చూసి పోతే యెట్ల అబ్బీ, ఎండలప్పుడు రావాల గానీ" అన్నాడాయన. తమ్ముడు వేరే స్థలం వెతుక్కున్నాడు. ఆ ఆరు నెలల ఆలస్యమే అతని డబ్బు కాపాడింది.

అపోహ: ముందస్తు పని అంటే ముందే మిషన్లు కొనేయడం.

పీఎంఈజీపీ అంటే చిన్న యూనిట్లకు బ్యాంకు లోను మీద సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం. దాని కింద మొదటిసారి సాయం కొత్త యూనిట్లకే. తొందరపడి ముందే నడిపిస్తే అసలు అర్హతే పోవచ్చు. సబ్సిడీ కూడా చేతికి ఇచ్చే డబ్బు కాదు. మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి, ఆ తర్వాతే లోనులో సర్దుబాటవుతుంది. ప్రాజెక్టు ఖర్చులో మీ వాటా జనరల్ వాళ్లకు 10 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మహిళల్లాంటి ప్రత్యేక వర్గాలకు 5 శాతం. అది సిద్ధం చేసుకోవడమే ముందు పని.

అపోహ: ఇంకొకరి రిపోర్టులో పేరు మార్చి పెడితే చాలు.

బ్యాంకు మేనేజరు రెండు ప్రశ్నలడిగితే దొరికిపోతారు. మీ లెక్క మీకు నోటికి రావాలి.

అపోహ: ఏ నెలలో మొదలుపెట్టినా ఒకటే.

వేరుశనగ నూనె మిల్లునే తీసుకోండి. మాకు ఖరీఫ్ కాయ అక్టోబరు, నవంబరుల్లో ఇంటికొస్తుంది. చేతిలో డబ్బు పెట్టుకుని నిల్వకు కొనుక్కోవాల్సింది అప్పుడే. మార్చిలో ప్రారంభిస్తే కాయ వ్యాపారి గోదాములో ఉంటుంది, ధర ఆయన చెప్పిందే. అందుకే కాయ వచ్చే రోజు నుంచి వెనక్కి లెక్కేస్తాను: కరెంటు సర్వీసు ఎప్పటికి కావాలి, దానికి దరఖాస్తు ఎప్పుడు పెట్టాలి, వర్కింగ్ క్యాపిటల్ ఎప్పటికి మంజూరు కావాలి.

అలాంటి మిల్లు ఫైలొకటి ఇప్పుడు నా బల్ల మీదుంది. వచ్చే సోమవారం ఆ మిల్లు పెట్టే అన్నా నేనూ కలిసి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర్నుంచి స్థలం దాకా నడిచి, కొత్తగా ఎన్ని కంబాలు నాటాల్సి వస్తుందో లెక్కపెట్టబోతున్నాం.