ఒంగోలు ఉజ్జీవం: 2,222 అంకె చుట్టూ అల్లుకున్న కథలు

క్రైస్తవ సంఘ చరిత్ర పాఠం ఒంగోలు ఉజ్జీవం దాకా, అంటే వేలమంది క్రైస్తవంలో చేరిన ఆ ఉద్యమం దాకా రాగానే క్లాసులో ఎవరో ఒకరు "2,222" అనేస్తారు. ఒక్కరోజులో బాప్తిస్మం తీసుకున్నవాళ్ల లెక్క అది. ఆ అంకె అందరికీ కంఠతా వచ్చు. తేడాలన్నీ మిగతా కథలోనే.

అపోహ: 1878 జులై 3న క్లౌ దొర ఒక్కరే అంతమందికీ బాప్తిస్మం ఇచ్చారు.

వాస్తవం: ఆ రోజు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒక్కరికీ ఇవ్వలేదు, పక్కన నిలబడి చూసుకున్నారు. వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో దిగింది ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు చొప్పున వంతులేసుకున్నారు. "ఒక్కరోజులో ఎలా కుదురుతుంది సార్?" అని అడిగేవాళ్లకి బోర్డు మీద లెక్క వేసి చూపిస్తాను: పొద్దున్నించి సాయంత్రం దాకా, మధ్యాహ్నం విరామం పోగా, మనిషికి అర నిమిషం లోపే. కుదురుతుంది.

అపోహ: కరువులో గింజల కోసం వచ్చినవాళ్లే అంతా.

వాస్తవం: దీన్ని ఒక్క మాటతో కొట్టిపారేయలేం. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకి తీసుకుని కూలి ఇప్పించారు. మేస్త్రీలుగా పెట్టింది బోధకుల్నే. గుంటలు తవ్వుతూ, సాయంత్రాలు కూర్చుని మాట్లాడుకుంటూ వేలమంది దగ్గరయ్యారు. కానీ సరిగ్గా ఈ అనుమానం వస్తుందనే, ఆయన ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశారు. సాయం ముగిశాక మళ్లీ మొదలుపెట్టారు. జనం అప్పుడూ వచ్చారు. కరువు తలుపు తట్టింది నిజమే, కూలి ఆగాక కూడా వాళ్లు నిలబడ్డారన్నదీ నిజమే.

అపోహ: ఈ ఉజ్జీవాన్ని మొదలుపెట్టింది దొరలే.

వాస్తవం: నన్నడిగితే ఎర్రగుంట్ల పేరయ్య పేరు ముందు చెప్పాలి. మాదిగ, తోళ్ల వ్యాపారి. అంతకుముందే యోగ సాధన చేసి, శిష్యుల్ని కూడగట్టుకున్న మనిషి. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. తర్వాత కబురు పాకింది బంధువుల ఇళ్ల మీదుగా, పల్లె నుంచి పల్లెకి. 1867 జనవరి 1న ఒంగోలు సంఘంలో ఉన్నది ఎనిమిది మందే. గుండ్లకమ్మ ఒడ్డు చేరడానికి పదకొండేళ్లు పట్టింది.

అపోహ: ఉజ్జీవంతో కులం పోయింది.

వాస్తవం: పోలేదు. చేరినవాళ్లలో ఎక్కువమంది మాదిగలే, ఉన్నదీ మాదిగపల్లెలోనే. మారింది వేరే. సంఘం పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని మానాలి, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు. వినడానికి చిన్నవే. కానీ విగ్రహాలకి మొక్కకూడదంటే జాతరకి డప్పూ కొట్టకూడదు. అది మాదిగ పని అని ఊరు తీర్మానించిన రోజుల్లో "మేం డప్పు కొట్టం" అంటే వెట్టిని కాదనడమే. అందుకే పెద్దకులాల కోపం ప్రార్థన మీద కంటే ముందు ఆ డప్పు మీదే పడింది.