బైటుకో సిస్టమ్ కాల్

అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుంటున్న ఒక అబ్బాయి అడిగాడు: "సార్, లైనక్స్‌లో డీడీ కమాండ్‌తో 100 మెగాబైట్ల ఫైలు కాపీ చేశాను. బ్లాక్ సైజు ఒక మెగాబైటు పెడితే చిటికెలో అయిపోయింది. ఒక బైటు పెడితే ఎంతకీ తెమలట్లేదు. డేటా అదే కదా?"

డేటా అదే. కానీ బ్లాక్ సైజంటే ఒక్క విడతలో మోసే ముక్క. మొదటిసారి వంద రీడ్‌లు, వంద రైట్‌లతో పని అయిపోయింది. రెండోసారి పది కోట్లకు పైగా రీడ్‌లు, అన్నే రైట్‌లు. వీటిలో ప్రతిదీ ఒక సిస్టమ్ కాల్, అంటే హార్డ్‌వేర్‌పై పెత్తనమున్న కెర్నల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) మన ప్రోగ్రామ్ పని అడగడం. ప్రతిదానికీ ప్రాసెసర్ యూజర్ మోడ్ నుంచి కెర్నల్ మోడ్‌లోకి వెళ్లి రావాలి. దీన్నే కాంటెక్స్ట్ స్విచ్ (ఒక ప్రోగ్రామ్‌ను ఆపి మరోదాన్ని నడపడం) అని నోట్సులో రాయించేస్తుంటారు. అది తప్పు. ఇక్కడ నడిచే ప్రోగ్రామ్ మారదు, అధికారం మారుతుంది. క్లాసులో ఈ ఒక్క ముక్కకి పది నిమిషాలు కేటాయిస్తే ఎంత బాగుండు!

కెర్నల్‌ను బ్యాంకు అనుకోండి. బ్యాంకు స్ట్రాంగ్ రూమ్‌లోకి మనం వెళ్లలేం, కౌంటర్లో స్లిప్ ఇవ్వాలి. కౌంటర్ ఎక్కడుండాలో బ్యాంకు ఇష్టం. 64 బిట్ ఇంటెల్, ఏఎండీ చిప్‌లలో సిస్‌కాల్ ఆదేశం రాగానే ప్రాసెసర్, కెర్నల్ ముందే ఎల్‌స్టార్ అనే రిజిస్టర్‌లో (ప్రాసెసర్ లోపలి చిన్న అర) రాసిపెట్టిన చిరునామాకే దూకుతుంది. ఏ పని కావాలో ఆర్ఏఎక్స్ అనే రిజిస్టర్‌లో ఉంటుంది. తిరిగి రావాల్సిన చోటు ఆర్‌సీఎక్స్‌లో, ప్రాసెసర్ స్థితి చెప్పే ఫ్లాగులు ఆర్11లో పడతాయి. కెర్నల్ మన స్టాక్‌ను (ప్రోగ్రామ్ తాత్కాలిక లెక్కలు పెట్టుకునే మెమరీ) నమ్మదు. స్వాప్‌జీఎస్ అనే ఆదేశంతో తన డేటా అందుకుని, సొంత స్టాక్‌కు మారి, మన రిజిస్టర్లు దాచి, మనమిచ్చిన పాయింటర్ (మెమరీ చిరునామా) మన పరిధిలోదేనా అని చూస్తుంది. రూపాయి తీసినా లక్ష తీసినా కౌంటర్ దగ్గర తంతు ఒకటే.

2018 జనవరిలో మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ లోపం బయటపడ్డాక ఆ కౌంటర్ ఇంకా దూరం జరిగింది. అంతకుముందు కెర్నల్ మెమరీ కూడా మన పేజీ టేబుల్లోనే (ప్రోగ్రామ్ చిరునామా అసలు మెమరీలో ఎక్కడో చెప్పే పట్టిక), మనం ముట్టుకోలేని విధంగా ఉండేది. ప్రాసెసర్ ముందస్తుగా చేసే పనుల ఆనవాళ్లు క్యాష్‌లో (ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న వేగమైన మెమరీ) మిగిలిపోయి, వాటి ద్వారా ఆ మెమరీని చదివేయొచ్చని తేలింది. అప్పటినుంచి ఆ లోపమున్న చిప్‌లపై లైనక్స్ ప్రోగ్రామ్‌కొకటి, కెర్నల్‌కొకటి చొప్పున రెండు పేజీ టేబుళ్లు వాడుతోంది. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ, ఏ పట్టిక వాడాలో చూపే సీఆర్3 రిజిస్టర్‌ను మార్చాలి. పట్టికలో చూసిన చిరునామాలను ప్రాసెసర్ టీఎల్‌బీలో గుర్తుపెట్టుకుంటుంది. అవి ఏ పట్టికవో గుర్తువేసే పీసీఐడీ లేని చిప్‌లో అయితే ఆ టీఎల్‌బీ కూడా మళ్లీ నింపుకోవాలి.

నాకు భలే నచ్చేది టైమ్ అడిగే పద్ధతి. బ్యాంకు గోడ గడియారం చూడటానికి క్యూ ఎందుకు? కెర్నల్ ఒక పేజీని అన్ని ప్రోగ్రాములకూ చదవడానికి మాత్రమే ఇచ్చి, అందులో సమయం రాస్తుంటుంది. కెర్నల్ ప్రతి ప్రోగ్రాములోనూ పెట్టే వీడీఎస్ఓ అనే కోడ్ దాన్ని చదివి, ప్రాసెసర్‌లో టిక్కులు లెక్కపెట్టే కౌంటర్ చూసి మిగతా నానోసెకన్లు కలుపుతుంది. చదివే మధ్యలో కెర్నల్ దిద్దితే? పేజీలో ఒక వరుస సంఖ్య ఉంటుంది. అది బేసి అయినా, మధ్యలో మారినా మళ్లీ చదవాల్సిందే. మోడ్ మారే పనే లేదు.

2019లో లైనక్స్ 5.1తో వచ్చిన ఐఓ యూరింగ్ అనే పద్ధతిలో స్లిప్పులన్నీ ప్రోగ్రామ్‌కీ కెర్నల్‌కీ అందే వలయంలో వేసేయొచ్చు. పోలింగ్ (స్లిప్పు వచ్చిందా అని చూస్తూ ఉండటం) పెడితే కెర్నల్ థ్రెడ్డే వచ్చి తీసుకుంటుంది. కాకపోతే ఆ థ్రెడ్ పని లేకున్నా కాసేపు కోర్‌ను తినేస్తుంది, అందుకే ఎడతెరిపి లేకుండా ఫైళ్లు చదివే సర్వర్లకే అది గిట్టుబాటు.