బాబు పిడికిలి ఎందుకు విప్పడు?

చిన్నీ, నానీ,

మీ ఉత్తరం అందింది. పక్కింటి బాబుకి ఎనిమిదో నెల, గిలక్కాయ ఎటు ఊపినా కుడిచేత్తోనే అందుకుంటాడు, ఎడమ పిడికిలి విప్పడు, అందరూ వాడిది కుడిచేతి వాటమని మురిసిపోతున్నారు, ఆ చెయ్యి ఎందుకలా ఉంది తాతయ్యా అని అడిగావు చిన్నీ. పెద్దవాళ్లు దాటేసింది నీ కంట పడింది.

మన ఊరి చెరువు కింద మళ్లకి నీళ్లు పారించడానికి ఒక నీరటి ఉండేవాడు. నీళ్లు వదలడమే ఆయన పని అనుకునేవాణ్ణి. ఒకసారి నాట్లప్పుడు ఆయన జ్వరంతో పడుకున్నాడు. పొలాలు ఎండిపోతాయనుకున్నాం. ఎండలేదు, కొన్ని మునిగిపోయాయి. మడవలు కట్టేవాడు లేడు మరి! నీళ్లు వదలడం ఎంత పనో, ఆపడమూ అంత పనేనని అప్పుడు తెలిసింది.

మన మెదడు ఆ నీరటి లాంటిది. కండకి 'బిగుసుకో' అని చెబుతుంది, 'ఇక చాలు, వదులు' అనీ చెబుతుంది. మెదడులో ఒక చోట దెబ్బ తగిలితే ఆ రెండో మాట అందదు. కండ బిగిసే ఉంటుంది. మడిలో లోపమేమీ లేదు, చెయ్యి మంచిదే. కానీ నీళ్లు నిలిచిన మడిని అలాగే వదిలేస్తే పాడైనట్టు, కదలని చెయ్యీ రానురానూ ముడుచుకుపోతుంది. చిన్నపిల్లల మెదడు కొత్త కాలువలు తవ్వుకోగలదు. అందుకే తొందరపడాలి.

ఇలాంటి దెబ్బ వల్ల కదలికలు దెబ్బతింటే దాన్ని సెరెబ్రల్ పాల్సీ అంటారు. కడుపులో ఉండగానో, కాన్పులో ఊపిరి అందకో, నెలలు నిండకుండా పుట్టడం వల్లో, పుట్టాక కామెర్లు బాగా ముదిరో రావచ్చు. అంటుకునేది కాదు. 1861లో లండన్‌లో లిటిల్ అనే డాక్టరు, కష్టమైన కాన్పుకీ ఇలాంటి బిగుసుకుపోయిన కాళ్లకీ సంబంధం ఉందని చెప్పాడు. చిన్నప్పుడు పోలియోతో ఆయన పాదమే వంకరపోయింది, కాబట్టి ఆ పిల్లల బాధ ఆయనకి బాగా తెలుసు. అయితే చాలామందికి ఆ దెబ్బ కాన్పుకి ముందే తగులుతుందని తర్వాత తేలింది. తల్లిని తప్పుపట్టే వాళ్లకి ఈ మాట చెప్పండి.

నా మూడో తరగతిలో ఒక నేస్తం ఉండేవాడు. మునివేళ్ల మీద, కాళ్లు కత్తెరలా పడేటట్టు నడిచేవాడు. మాట ముద్దగా వచ్చేది. నేను వాడి నడకని అనుకరించి అందరినీ నవ్వించాను. అమ్మ కొట్టలేదు. వాళ్లింటికి తీసుకెళ్లి, వాళ్లమ్మ వాడికి అన్నం తినిపిస్తుంటే చూడమని కూర్చోబెట్టింది. ఒక్కో ముద్ద దిగడానికి ఎంతసేపు పట్టిందో! ఆ సాయంత్రం పులిజూదంలో వాడు నన్ను మూడుసార్లు ఓడించాడు. బళ్లో లెక్కలకి జవాబులు కూడా వాడికి నాకన్నా ముందే తెలిసేవి, నోరు పలికేలోపు మేం ఆగలేదంతే. నడక సరిగా లేదని బుద్ధి లేదనుకోకండి.

మామూలుగా ఏడాది నిండేదాకా పిల్లలకి చేతివాటం ఉండదు, రెండు చేతులూ వాడతారు. అంతకుముందే బాబులా ఒక చేతినే వాడినా, నాలుగు నెలలకి మెడ నిలవకపోయినా, తొమ్మిదికి కూర్చోకపోయినా, ఎత్తితే కాళ్లు బిగుసుకున్నా, ఒళ్లు గుడ్డపేలికలా వేలాడినా డాక్టరుకి చూపించాలి. వీటిలో ఒకటి కనిపించినంత మాత్రాన అదే జబ్బని కాదు, కానీ "మా వంశంలో అందరూ ఆలస్యమే" అని కూర్చోకూడదు. చాలా జిల్లా ఆసుపత్రుల్లో ఇలాంటి పిల్లల కోసం సత్వర చికిత్స కేంద్రం ఉంటుంది. దారి ఆశా కార్యకర్తని అడిగితే చెబుతుంది.

ఈ సంగతి ఈరోజే అమ్మకి చెప్పు చిన్నీ. బాబు వాళ్లమ్మతో అమ్మే నెమ్మదిగా మాట్లాడుతుంది. తర్వాత నువ్వూ నానీ వెళ్లి బాబుతో ఆడుకోండి. గిలక్కాయని ఎడమ పక్కన పట్టుకుని ఊరికే ఉండండి, తొందరపెట్టకండి. పిడికిలి కాస్తయినా సడలుతుందా, బొటనవేలు లోపలే ఉండిపోతుందా, నవ్వినప్పుడు ఆ చెయ్యి ఏం చేస్తుందో చూడండి. చూసింది చూసినట్టు నాకు రాయండి.

మీ తాతయ్య