కనబడని ఖాళీలు, తెగని పంచాయితీ

పాత కోడ్‌లో ఒక్క లైన్ మార్చి పంపితే డిఫ్‌లో (పాత, కొత్త కోడ్‌ల తేడాల జాబితాలో) 400 లైన్లు మారినట్టు వస్తాయి. ఎడిటర్ సేవ్ చేస్తూ చేస్తూ లైన్ల చివరి స్పేస్‌లను తీసేసి ఉంటుంది, లేదా లైన్ ఎండింగ్‌లన్నీ (లైన్ ముగిసిందని చెప్పే కనబడని గుర్తులు) మార్చేసి ఉంటుంది. ఆ గుంపులో అసలు మార్పు ఎక్కడుందో రివ్యూ చేసేవాళ్లు వెతుక్కోవాలి. ఈ చిక్కు కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌తో వచ్చింది కాదు, అక్షరాలను కాగితం మీద కొట్టే టెలిటైప్ యంత్రం నాటిది.

1963లో వచ్చిన టెలిటైప్ మోడల్ 33 సెకనుకు 10 అక్షరాలు కొట్టేది. కొత్త లైన్‌కి వెళ్లాలంటే దానికి రెండు పనులు: ప్రింట్ హెడ్‌ను ఎడమ అంచుకు తేవడం (క్యారేజ్ రిటర్న్, అక్షరాలకు అంకెలిచ్చే ఆస్కీలో 13), కాగితాన్ని ఒక వరస జరపడం (లైన్ ఫీడ్, 10). యూనిక్స్ 10 ఒక్కటే చాలనుకుంది. డాస్, ఆ తర్వాత విండోస్ రెండింటినీ ఉంచుకున్నాయి. విండోస్‌లో సేవ్ చేసిన షెల్ స్క్రిప్ట్ లినక్స్‌లో 'బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్' అంటూ ఆగిందంటే, చాలాసార్లు మొదటి లైన్లో, స్క్రిప్ట్‌ను నడిపే బ్యాష్ పేరు చివర ఆ 13 అంటుకుని ఉంటుంది.

టాబ్‌ది ఇంకో కథ. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువార్ట్ ఫెల్డ్‌మన్ కోడ్ నుంచి ప్రోగ్రామ్‌ను కట్టే 'మేక్' రాసినప్పుడు, దాని ఫైల్లో (మేక్‌ఫైల్) కమాండ్ ఉన్న ప్రతి లైనూ టాబ్‌తోనే మొదలవ్వాలని పెట్టాడు. మార్చుదామంటే కొన్ని వారాల్లోనే డజను మంది దాకా వాడటం మొదలుపెట్టేశారు, వాళ్ల ఫైళ్లు పాడవుతాయని వదిలేశాడు. ఆనాటి మొహమాటం ఫలితం: టాబ్ బదులు 8 స్పేస్‌లు పడితే తెర మీద తేడా ఏమీ ఉండదు, మేక్ మాత్రం 'మిస్సింగ్ సెపరేటర్' అంటుంది. ప్రాజెక్టులోని టాబ్‌లన్నిటినీ ఒక్క దెబ్బకు స్పేస్‌లు చేసే స్క్రిప్టు మేక్‌ఫైల్ దగ్గరే బోల్తా పడేది ఇందుకే.

పైథాన్‌లో ఏ లైన్ లూప్ లోపలిదో లైన్ ముందున్న ఖాళీయే (ఇండెంట్) చెబుతుంది. పైథాన్ 2 టాబ్‌ను 8 నిలువుల లెక్కన చదివేది. టాబ్‌ను 4గా చూపే ఎడిటర్‌లో లూప్ బయట ఉన్నట్టు కనిపించే లైన్, నడిచేటప్పుడు లూప్ లోపల ఉండేది. 2008లో వచ్చిన పైథాన్ 3 ఇలాంటి కలగాపులగాన్ని నేరుగా ఎర్రర్‌గా ఆపేస్తుంది. గో భాషయితే 2009లో కోడ్‌ను ఒకే తీరులో సర్దే గోఫ్‌మ్‌ట్‌తోనే బయటికొచ్చి, టాబా స్పేసా అనే వాదనకే తావివ్వలేదు. మాకు నచ్చింది ఈ పద్ధతే.

ఇక పాత కోడ్‌లో ఈ ఖాళీలను శుభ్రం చేయడం. దాన్ని విడి కమిట్‌గానే (గిట్‌లో ఒక విడతగా నమోదయ్యే మార్పు) పెట్టాలి, అందులో లాజిక్ మార్పు ఒక్కటి కూడా కలపకూడదు. స్పేస్ తేడాలను వదిలేసే 'డబ్ల్యూ' ఆప్షన్‌తో డిఫ్ తీస్తే దాదాపు ఖాళీగా రావాలి. పైథాన్‌కు ఈ పరీక్ష చాలదు: ఇండెంట్ మారితే ప్రోగ్రామే మారుతుంది, ఆ మార్పును ఈ ఆప్షన్ దాచేస్తుంది. అక్కడ ముందూ వెనకా సింటాక్స్ ట్రీలను (పైథాన్ అర్థం చేసుకున్న కోడ్ నిర్మాణం) పోల్చి చూడాలి. డాక్యుమెంట్లు రాసే మార్క్‌డౌన్‌లో లైన్ చివర రెండు స్పేస్‌లంటే లైన్ బ్రేక్ అని అర్థం, వాటి జోలికి పోవద్దు.

ఒకప్పుడు ఇలాంటి కమిట్ పడితే ఏ లైన్‌ను చివరగా ఎవరు మార్చారో చూపే గిట్ బ్లేమ్‌లో ప్రతి లైన్‌కూ శుభ్రం చేసినవాళ్ల పేరే కనిపించేది. సీనియర్లు ఈ పనికి అడ్డుపడటానికి పెద్ద కారణం అదే. 2019 ఆగస్టులో వచ్చిన గిట్ 2.23 నుంచి ఆ కమిట్ పూర్తి హ్యాష్‌ను (దాని గుర్తింపు సంఖ్య) ఒక ఫైల్లో రాసి, బ్లేమ్‌ను దాన్ని దాటి చూడమనొచ్చు.

తెలుగు స్ట్రింగ్‌లున్న కోడ్‌కు మరో గండం ఉంది. 'సాఫ్ట్‌వేర్'లో 'ట్' తర్వాత వెడల్పు లేని నాన్-జాయినర్ (అక్షరాలు కలిసిపోకుండా ఆపే కనబడని గుర్తు) ఒకటి దాక్కుని ఉంటుంది, యూనికోడ్‌లో 200సి. పనికిరాని చెత్తనుకుని స్క్రిప్టు దాన్ని ఊడ్చేస్తే కంపైలర్ ఏమీ అనదు. తెర మీద మాత్రం 'వే' కాస్తా వత్తుగా మారి 'ఫ' కిందికి చేరి 'సాఫ్ట్వేర్' అవుతుంది.