క్యాలెండర్ తెరుచుకోవడానికి ఐదు సెకన్లా? లైనక్స్ డెస్క్‌టాప్ మీద అపోహలు - వాస్తవాలు

గుంటూరు, విజయవాడల్లో చిన్నాచితకా ఆఫీసుల లైనక్స్ సిస్టమ్‌లు చూసిపెట్టడం నా పని. బ్రాడీపేటలో ఆడిటర్ల ఆఫీసులు, మిర్చి యార్డు దగ్గర కమిషన్ కొట్లు, ఇటు గవర్నర్‌పేటలో ప్రెస్సులు. ఈ మధ్య వరసగా నాలుగు చోట్ల ఒకటే మాట విన్నాను. "గడియారం మీద నొక్కితే క్యాలెండర్ రావడానికి ఐదారు సెకన్లు పడుతోందండీ, ఈలోగా స్క్రీనంతా బిగుసుకుపోతోంది." నాలుగు చోట్లా కారణాలు వేరు. నేను వెళ్ళేసరికే ప్రతిచోటా ఎవరో ఒకరు వచ్చి ఏదో ఒక సలహా ఇచ్చి వెళ్ళారు. ఆ సలహాలే ఇక్కడ అపోహలుగా రాస్తున్నాను. చెప్పినవాళ్ళని తప్పుపట్టడానికి కాదు, వాటివల్ల జనం ఉత్తపుణ్యానికి డబ్బూ, ఒకచోట ఏళ్ళనాటి వివరాలూ పోగొట్టుకున్నారు కాబట్టి.

అపోహ: క్యాలెండర్ ఎంత, దాని బరువెంత? ర్యామ్ చాలడం లేదు, ఇంకో కార్డు వేయించండి.

వాస్తవం: మనకి కనిపించేది ఆరు వారాలు, 42 గళ్ళు. అవి గీయడానికి ఏ పాత సిస్టమైనా చాలు. కానీ ఏ గడిలో ఏ పని ఉందో క్యాలెండర్‌కి సొంతంగా తెలియదు, అడిగి తెప్పించుకుంటుంది. లైనక్స్‌లో ఎక్కువమంది వాడే గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌లో అయితే పైన గడియారం నొక్కగానే, తెర మీద కనపడేవన్నీ నడిపే గ్నోమ్ షెల్ తన పక్కనున్న క్యాలెండర్ సర్వర్ అనే చిన్న ప్రోగ్రామ్‌ని అడుగుతుంది. అది క్యాలెండర్ వివరాలు చూసుకునే ఎవల్యూషన్ డేటా సర్వర్‌ని అడుగుతుంది. అది డిస్కులో ఉన్న ఫైళ్ళు తిరగేసి జవాబిస్తుంది. వీళ్ళ మధ్య మాటలన్నీ డీ-బస్ అనే దారిలో నడుస్తాయి. కౌంటర్‌లో కూర్చున్న అబ్బాయి ఫైలు కోసం లోపలి గదికి కబురు పెట్టడం లాంటిది ఇది. కౌంటర్ దగ్గర ఆలస్యమైందంటే, కుర్రాడు నెమ్మదా, లోపల బీరువా దొరకడం లేదా, దారిలో ఎవరైనా ఆపేశారా అన్నది చూడాలి. కుర్చీ మార్చేస్తే పని జరగదు.

ర్యామ్ నిజంగానే చాలకపోవడం కూడా ఉంటుంది. 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్కు, బ్రౌజర్‌లో పాతిక ట్యాబులు ఉంటే సిస్టమ్ స్వాప్‌లోకి, అంటే ర్యామ్ బదులు డిస్కు వాడుకోవడంలోకి జారుతుంది. అప్పుడు క్యాలెండర్ ఒక్కటే నసగదు, ఫైళ్ళ కిటికీ కూడా నసుగుతుంది. మిగతావన్నీ చకచకా నడుస్తూ క్యాలెండర్ ఒక్కటే మొరాయిస్తుంటే ర్యామ్ కొనే ముందు కాస్త ఆగండి.

ఏ సిస్టమ్ ముందు కూర్చున్నా నేను మొదట చేసేది ఒకటే. చేతిలో ఫోన్ స్టాప్‌వాచ్ పెట్టుకుని నాలుగైదుసార్లు గడియారం నొక్కి చూస్తాను. లాగిన్ అయ్యాక మొదటిసారి ఒక్కటే ఆలస్యమై తర్వాత టక్కున వస్తోందంటే, పాత హార్డ్ డిస్కు మీద ప్రోగ్రామ్‌లు లేవడానికి పట్టిన టైమది, జబ్బు కాదు. ప్రతిసారీ ఒకేలా ఆలస్యమైతే ఎవరో చేసిన లెక్కే మళ్ళీ మళ్ళీ చేస్తున్నారు. బాణం గుర్తు నొక్కి నెల మార్చినప్పుడే తడబడుతుంటే ఆ నెలలోకి వచ్చే పనుల లెక్క బరువెక్కింది. ఇక సరిగ్గా 25 సెకన్లు ఆగి కదిలిందంటే నా పని సగం అయిపోయినట్టే. డీ-బస్ మీద అడిగిన మాటకి జవాబు రాకపోతే మామూలుగా 25 సెకన్లు ఎదురుచూసి వదిలేస్తారు. అంటే లోపల ఒక సర్వీసు పలకడం లేదు. అదేదో సిస్టమ్ రాసుకునే లాగ్‌లో, అంటే జర్నల్‌లో, ఆ నిమిషం దగ్గర వెతికితే సాధారణంగా పేరుతో సహా దొరుకుతుంది.

అపోహ: నెట్ స్లోగా ఉంది, అందుకే.

వాస్తవం: దీనికి పరీక్ష పది సెకన్ల పని. నెట్ తీసేసి గడియారం నొక్కండి. అప్పుడూ అంతే ఆలస్యమైతే నెట్‌ని వదిలేయండి. ఆన్‌లైన్ క్యాలెండర్ ఉన్నా ఎవల్యూషన్ డేటా సర్వర్ వివరాలు తెచ్చి డిస్కులో ఒక కాపీ దాచుకుంటుంది, మనం నొక్కినప్పుడు చూపించేది ఆ కాపీనే.

బ్రాడీపేట ఆడిటర్ గారి ఆఫీసులో కూడా ముందు నెట్ మీదే అనుమానపడ్డారు, కనెక్షన్ కూడా మార్చారు. మార్పు లేదు. అక్కడ అసలు ఆన్‌లైన్ క్యాలెండరే లేదు. గుమాస్తా గారు ఎంతో శ్రద్ధగా క్లయింట్లందరి డ్యూ డేట్లూ ఎవల్యూషన్ అనే మెయిల్, క్యాలెండర్ ప్రోగ్రామ్‌లో ఎక్కించుకున్నారు. నెలనెలా రిటర్ను వేసేవాళ్ళకి 11న జీఎస్‌టీఆర్-1, 20న జీఎస్‌టీఆర్-3బీ (వాడుకలో త్రీబీ), 7న టీడీఎస్ కట్టడం. 260 మంది, ఒక్కొక్కరికి మూడు రిమైండర్లు, మొత్తం 780. అన్నీ నెలనెలా తిరిగొచ్చేవే, ముగింపు తేదీ లేనివే.

మన డిస్కులోనే ఉండే లోకల్ క్యాలెండర్ మొత్తం ఒక్క ఐసీఎస్ ఫైలు, అంటే క్యాలెండర్ పనులు రాసుకునే ఫైలు. దాన్ని మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవచ్చు. తెరిచి చూద్దును కదా, ఒకే సంస్థ పేరు, అదే త్రీబీ, అదే 20వ తేదీ, మూడుసార్లు. యూఐడీ అన్న వరస మాత్రం మూడింటికీ వేరు. ఒక్కో పని మొదట్లో వచ్చే "బిగిన్ వీఈవెంట్" అన్న మాట ఎన్నిసార్లు ఉందో లెక్కపెడితే 2,340 వచ్చింది. ఎక్సెల్ షీటు నుంచి ఆ ఫైలు తయారుచేసిన స్క్రిప్టు నడిపినప్పుడల్లా కొత్త యూఐడీలు ఇచ్చింది. ఐసీఎస్ పద్ధతిలో ఒక పని ఇంకో పని ఒకటేనా కాదా అని తేల్చేది ఆ యూఐడీయే. పేరూ తేదీ ఒకటే అయినా యూఐడీ వేరైతే క్యాలెండర్ దృష్టిలో అవి వేరే పనులు. మూడుసార్లు ఇంపోర్ట్ చేశారు, మూడు కట్టలు వచ్చి కూర్చున్నాయి. నెల మార్చిన ప్రతిసారీ 2,340 రూల్స్‌లో ఏది ఏ గడిలో పడుతుందో విడివిడిగా లెక్క కట్టాలి. 20వ తేదీ మీద నొక్కితే 780 వరసలు రావాలి. ఏ సిస్టమైనా ఆయాసపడుతుంది.

డూప్లికేట్లు తీసేస్తే తగ్గింది, పూర్తిగా పోలేదు. అప్పుడు గుమాస్తా గారితో కూర్చున్నాను. "బాబాయిగారూ, 20వ తేదీ అందరికీ ఒకటే కదా. క్యాలెండర్‌లో త్రీబీ అని ఒక్కటే పెట్టుకుందాం. ఎవరిది అయింది, ఎవరిది మిగిలింది అన్నది మీ షీటులో టిక్కులు ఉండనే ఉన్నాయి." ఆయన కాసేపు ఆలోచించి, "ఒక్కటే పెడితే ఎవరినైనా మర్చిపోతానేమో నాయనా" అన్నారు. ఆ భయం నిజమైనదే. అందుకే షీటులో మిగిలినవాళ్ళ పేర్లు ఎర్రగా కనపడేలా పెట్టి, ఒక నెల రెండూ పక్కపక్కన నడిపి చూశాకే పాతవి తీశాం. ఇప్పుడు క్యాలెండర్‌లో నెలకి మూడు చుక్కలు. నొక్కగానే తెరుచుకుంటోంది. సిస్టమ్ అదే, ర్యామ్ అదే.

అపోహ: సీపీయూ 25 శాతమే చూపిస్తోంది, కాబట్టి సిస్టమ్ ఖాళీగానే ఉంది.

వాస్తవం: నాలుగు కోర్ల సిస్టమ్‌లో మొత్తం మీద 25 శాతం అంటే ఒక కోర్ నూటికి నూరు నడుస్తున్నట్టు కావచ్చు. గ్నోమ్ షెల్‌లో ప్యానెల్, మెనూలు, క్యాలెండర్, మనం అదనంగా వేసుకున్న చిన్న ప్రోగ్రామ్‌లు, అంటే ఎక్స్‌టెన్షన్లు, అన్నీ జావాస్క్రిప్ట్‌లో, ఒకే వరసలో నడుస్తాయి. మిగతా మూడు కోర్లు ఖాళీగా ఉన్నా ఆ వరసకి సాయం పట్టలేవు. సాధారణ మానిటర్ సెకనుకి 60 సార్లు బొమ్మ మారుస్తుంది, అంటే ఒక్కో బొమ్మకి దొరికేది సుమారు 16.7 మిల్లీసెకన్లు. ఆ వరసలో ఎవరైనా రెండు సెకన్ల లెక్క మొదలుపెడితే అన్ని బొమ్మలూ ఆగిపోతాయి. స్క్రీన్ బిగుసుకుపోయింది అంటాం చూడండి, అదే. టెర్మినల్‌లో, ఏ ప్రోగ్రామ్ ఎంత సీపీయూ తింటోందో చూపే టాప్ అనే కమాండ్ నడిపి, గడియారం నొక్కి, ఆ క్షణంలో పైకి లేచిన పేరేదో చూడండి. గ్నోమ్ షెల్ లేస్తే ఒక దారి, ఎవల్యూషన్ డేటా సర్వర్‌లో భాగమైన ఎవల్యూషన్ క్యాలెండర్ ఫ్యాక్టరీ లేస్తే ఇంకో దారి. ఎవరూ లేవకుండానే ఆలస్యమైతే డిస్కు కోసమో, పలకని సర్వీసు కోసమో ఎదురుచూపు.

అపోహ: ఎక్స్‌టెన్షన్ చిన్నదే, పది కేబీ కూడా లేదు, దానివల్ల ఏమవుతుంది?

వాస్తవం: పటమటలో ఇంజనీరింగ్ చదువుతున్న ఒక తమ్ముడు వాళ్ళమ్మగారి కోసం ఒక ఎక్స్‌టెన్షన్ రాశాడు. క్యాలెండర్‌లో ప్రతి గడిలో తేదీ కింద తిథి, నక్షత్రం తెలుగులో కనపడాలి. ఎంత ముచ్చటగా ఉందో చెప్పలేను. చవితో, ఏకాదశో అమ్మ ఇంకెవరినీ అడగక్కర్లేదు. కానీ క్యాలెండర్ తెరిస్తే మూడు సెకన్లు. "అన్నా, పంచాంగం లెక్క కరెక్టే, చూడు, అన్నీ టాలీ అయ్యాయి" అన్నాడు. లెక్క కరెక్టే. చంద్రుడు సూర్యుణ్ణి దాటి ప్రతి 12 డిగ్రీలు జరిగినప్పుడల్లా ఒక తిథి, నక్షత్రానికి 13 డిగ్రీల 20 నిమిషాలు. ఆ రోజు సూర్యోదయానికి ఏ తిథి ఉందో అదే ఆ రోజు తిథిగా చూపాలి. అందుకని ముందు విజయవాడలో సూర్యోదయం ఎప్పుడో కట్టాలి, ఆ క్షణానికి సూర్యచంద్రులు ఎక్కడున్నారో కట్టాలి. అదంతా 42 గళ్ళకి, తెరిచిన ప్రతిసారీ, ఇందాక చెప్పిన ఆ ఒక్క వరసలోనే చేస్తున్నాడు.

అయిపోయిన రోజు తిథి మారదు, రాబోయే రోజుదీ మారదు. కాబట్టి ఒకసారి కట్టిన లెక్కని ఒక ఫైల్లో రాసుకుని తర్వాత చదువుకుంటే చాలు. ఆ సాయంత్రమే మార్చాడు. మొదటిసారి లెక్క కూడా ఒక్కో గడి చొప్పున, మధ్యమధ్యలో షెల్‌కి ఊపిరాడనిస్తూ చేసేలా రాశాడు. ఇప్పుడు తిథులతో సహా వెంటనే వస్తోంది. ఇలాంటి పిల్లలు మన భాషలో ఇలాంటివి ఇంకా రాయాలని నా కోరిక.

మీ సిస్టమ్‌లో తప్పు ఎక్స్‌టెన్షన్లదో కాదో తేలాలంటే ఎక్స్‌టెన్షన్స్ యాప్‌లో పైనున్న స్విచ్ ఒక్కటి ఆపండి, అన్నీ ఆగుతాయి. అప్పుడు వేగం వస్తే ఒక్కొక్కటి మళ్ళీ వేస్తూ చూడండి. ఆల్ట్ ఎఫ్2 నొక్కి ఆర్ కొడితే షెల్ మళ్ళీ మొదలవుతుందని చాలామంది చెప్తారు. అది స్క్రీన్ మీద బొమ్మ వేసే పాత పద్ధతి, ఎక్స్11 సెషన్‌లోనే. కొత్త పద్ధతి వేలాండ్‌లో అయితే లాగౌట్ అయి రావాల్సిందే.

అపోహ: కేడీఈ డెస్క్‌టాప్ బరువు, తీసేసి తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ వేసుకోండి.

వాస్తవం: గవర్నర్‌పేట ప్రెస్సులో కేడీఈ ప్లాస్మా ఉంది. గడియారం సెట్టింగుల్లో క్యాలెండర్ పేజీలో పిమ్ ఈవెంట్స్ ప్లగిన్‌కి ఎవరో టిక్కు పెట్టారు. దానికోసం అపాయింట్‌మెంట్లు దాచిపెట్టే అకొనాడి అనే సర్వీసు లేచింది, అకొనాడి కోసం వెనక ఒక మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ సర్వర్ లేచింది. ఆ ప్రెస్సులో కేడీఈ వాళ్ళ క్యాలెండర్ ప్రోగ్రామ్ కోర్గనైజర్ వాడినవాళ్ళు ఒక్కరూ లేరు. టిక్కు తీశాం, లాగౌట్ అయి వచ్చాం, అయిపోయింది. మీరు కోర్గనైజర్ వాడేవాళ్ళయితే మాత్రం ఆ టిక్కు తీయకండి, మీ అపాయింట్‌మెంట్లు గడియారంలో కనపడవు.

ఎండాకాలం గురించి ఒక్క మాట. మే నెలలో మధ్యాహ్నం మాత్రమే సిస్టమ్ నెమ్మదిస్తే సాఫ్ట్‌వేర్‌ని వదిలి ముందు ఫ్యాన్ విప్పండి. వేడెక్కిన ప్రాసెసర్ తన వేగం తనే తగ్గించుకుంటుంది. యార్డు పక్క కొట్లలో ఫ్యాన్ రెక్కల మీద మిర్చి దుమ్ము పేరుకుని ఉంటుంది. మూతికి గుడ్డ కట్టుకుని దులపండి.

అపోహ: ఎవల్యూషన్ పేరున్న ఫోల్డర్లన్నీ డిలీట్ చేయండి, ఉత్త క్యాచే కదా.

వాస్తవం: ఇది అన్నిటికన్నా ప్రమాదం. హోమ్‌లో దాగున్న ఫోల్డర్లలో ఎవల్యూషన్ మూడు చోట్ల ఉంటుంది. డాట్ క్యాచ్ కింద ఉన్నది ఆన్‌లైన్ క్యాలెండర్ల కాపీ, పోయినా నెట్ నుంచి మళ్ళీ వస్తుంది. డాట్ కాన్ఫిగ్ కింద ఉన్నది ఏయే ఖాతాలున్నాయన్న వివరం. డాట్ లోకల్, షేర్ కింద ఉన్నది మీ లోకల్ క్యాలెండర్ అసలు ఫైలు. దానికి ఇంకెక్కడా జత లేదు.

యార్డు దగ్గర ఒక కమిషన్ వ్యాపారి కొట్లో ఎవరో మూడూ తుడిచేశారు. క్యాలెండర్ మెరుపులా తెరుచుకుంది, ఖాళీగా. ఏ రైతుకి ఏ రోజు డబ్బు ఇవ్వాలి, ఏ కోల్డ్ స్టోరేజీకి అద్దె ఎప్పుడు కట్టాలి, అన్నీ అందులోనే ఉన్నాయి. నేను వెళ్ళేసరికి ఆ పెద్దాయన మాట్లాడకుండా కూర్చుని ఉన్నారు. డిస్కు నుంచి తిరిగి తెద్దామని చాలాసేపు ప్రయత్నించాను, రాలేదు. ఆయన చేతిరాత చిట్టా ఉండబట్టి సరిపోయింది. రెండు సాయంత్రాలు ఆయన చదువుతుంటే వాళ్ళబ్బాయి ఎక్కించాడు. ఇప్పుడు శనివారం కొట్టు కట్టేసే ముందు ఆ ఐసీఎస్ ఫైలు ఒక పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేస్తున్నారు. ఫైలు 400 కేబీ కూడా లేదు.