ఆ 25 ఎక్కడిది?

ఆపరేషన్ బల్ల మీద పడుకున్న మనిషి పీల్చే గాలిలో నైట్రస్ ఆక్సైడ్ అనే మత్తు వాయువు 70 శాతం దాకా ఉండొచ్చు. అంటే పది లక్షల పాళ్లలో ఏడు లక్షలు. ఆ బల్లకు బారెడు దూరంలో నిలబడ్డ మత్తు డాక్టరు, నర్సు పీల్చే గాలిలో మాత్రం అదే వాయువు పది లక్షల్లో 25 పాళ్లు (25 పీపీఎం) మించకూడదని అమెరికాలో ఒక సిఫార్సు ఉంది. గదీ ఒకటే, వాయువూ ఒకటే, తేడా మాత్రం 28 వేల రెట్లు. రోగికి అది గంటో రెండు గంటలో. డాక్టరుకీ నర్సుకీ ఏళ్ల తరబడి ఉద్యోగం. లెక్కలు వేరుగా ఉండటంలో వింతేమీ లేదు. వింతంతా ఆ 25లోనే ఉంది. అది 20 ఎందుకు కాలేదు? 200 ఎందుకు కాలేదు?

మత్తు వాయువు గదిలోకి రావడానికి సిలిండరు పగలక్కర్లేదు. మాస్కు ముఖానికి సరిగ్గా అతకకపోతే చాలు. ఏడుస్తూ తల తిప్పేసే పిల్లాడికి మాస్కుతో మత్తిస్తున్నప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు కూడా కాస్త పీలుస్తారు. ఆపరేషన్ అయ్యాక రికవరీ గదిలో రోగి వదిలే ప్రతి ఊపిరిలోనూ మిగిలిన మందు ఉంటుంది. పాత రోజుల్లో అయితే యంత్రం నుంచి మిగులు వాయువును నేరుగా గదిలోకే వదిలేసేవారు. ఇంకా వెనక్కి, మన హైదరాబాదుకే వెళ్దాం. క్లోరోఫారం రోగిని గుండె ఆపి చంపుతుందా, ఊపిరి ఆపి చంపుతుందా తేల్చడానికి నిజాం ఖర్చుతో 1888లో, 1889లో రెండు కమిషన్లు ఇక్కడే కూర్చున్నాయి. వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి ఊపిరే కారణమని తేల్చాయి. తర్వాతి కాలంలో ఆ తీర్పు నిలబడలేదు. ప్రశ్న అంతా రోగి గురించే. అదే ఊళ్లో డాక్టర్ రూపాబాయి ఫర్దూన్జీ లాంటివాళ్లు రోజూ ఆ ఆవిరి పక్కనే నిలబడి మత్తిచ్చేవారు. వాళ్లు పీల్చేదాని సంగతి అప్పటి ప్రశ్నల్లో లేదు.

ఆ ప్రశ్న గట్టిగా లేచింది 1967లో, సోవియట్ యూనియన్‌లో. వైస్‌మన్ అనే పరిశోధకుడు మత్తు డాక్టర్లను ఆరా తీస్తే తలనొప్పులు, నీరసం సరే, 31 గర్భాల్లో 18 నిలవలేదని తేలింది. పోల్చి చూడటానికి మరో గుంపు లేని చిన్న సర్వే అది. అయినా ఆ అంకె చదివాక ఏ ఆసుపత్రి నిమ్మకు నీరెత్తినట్టు ఉండగలదు? 1974 నాటికి అమెరికా మత్తు వైద్యుల సంఘం దాదాపు 50 వేల మంది ఆపరేషన్ థియేటర్ సిబ్బందిని ప్రశ్నాపత్రాలతో పలకరించింది. గర్భస్రావాలు ఎక్కువన్న సూచన అక్కడా కనిపించింది. కాకపోతే ఇలాంటి సర్వేలకు ఒక చిక్కుంది. ఎందుకడుగుతున్నారో తెలిసినవాళ్లు జరిగిన నష్టాన్ని ఎక్కువగా గుర్తు తెచ్చుకుంటారు. ఏమీ జరగనివాళ్లు కాగితం పక్కన పడేస్తారు. పైగా థియేటర్లో మత్తు వాయువు ఒక్కటే ఉండదు, రాత్రి డ్యూటీలు, ఎక్స్-రేలు, గంటల తరబడి నిలబడటం అన్నీ కలిసే ఉంటాయి.

ఇంత మసకలోనే 1977లో అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నైయోష్ అంకెలు ప్రకటించింది. హాలోథేన్ లాంటి మత్తు ఆవిర్లకు 2 పీపీఎం. సురక్షితమైన హద్దు ఏదో చెప్పలేక, అప్పటి పరికరాలు నమ్మకంగా కొలవగలిగిన అతి తక్కువ మోతాదునే హద్దుగా పెట్టేశారు. ఆ మాట వాళ్లు దాచుకోలేదు. నైట్రస్ ఆక్సైడ్ దారి వేరు. అమెరికాలో బ్రూస్, బాక్ అనే ఇద్దరు కొందరిని కూర్చోబెట్టి, కొద్దికొద్దిగా వాయువు పీల్పిస్తూ చురుకుదనం పరీక్షించారు. 50 పీపీఎం నైట్రస్ ఆక్సైడ్‌కు కాస్త హాలోథేన్ కలిస్తే చురుకు తగ్గింది. 25కు దించితే తగ్గలేదు. అదీ మన 25 పుట్టుక. గర్భం మీద భయంతో మొదలైన వ్యవహారం చివరికి మనిషి చురుకు దగ్గర ఆగింది.

తర్వాత ఇతరులు అదే ప్రయోగం చేస్తే ఆ ఫలితం రాలేదు. 1991లో బ్రూస్ స్వయంగా తమ నిర్ధారణ తప్పని రాశాడు. ఎంచుకున్న మనుషులే మామూలు జనానికి ప్రతినిధులు కారనీ, ఆ ప్రమాణాన్ని సవరించాలనీ అన్నాడు. తన పేరు నిలబెట్టిన పరిశోధనను తనే కొట్టేసుకోవడానికి ధైర్యం కావాలి. నైయోష్ సిఫార్సు మాత్రం 25 దగ్గరే ఉండిపోయింది. పునాది తీసేసినా గోడ నిలబడింది.

అలాగని ఆ గోడ ఊరికే ఉందనలేం. నైట్రస్ ఆక్సైడ్‌కు శరీరంలో ఒక కచ్చితమైన శత్రుత్వం ఉంది, బి12 విటమిన్‌తో. ఆ విటమిన్ నడిబొడ్డున ఉన్న కోబాల్ట్ పరమాణువును అది ఆక్సీకరిస్తుంది. దాంతో డీఎన్ఏ తయారీకి, నరాల పూతకు అవసరమైన ఒక ఎంజైమ్ మూలపడుతుంది. శరీరం దాన్ని మళ్లీ కొత్తగా తయారు చేసుకోవాల్సిందే. కోపెన్‌హాగన్‌లో ధనుర్వాతం రోగులకు రోజుల తరబడి ఈ వాయువు ఇస్తే తెల్ల రక్తకణాలు పడిపోయాయని 1956లోనే రాశారు. అది భారీ మోతాదు. ఉద్యోగుల విషయానికొస్తే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది 1992లో అమెరికాలో పళ్ల డాక్టర్ల సహాయకులపై వచ్చిన అధ్యయనం. మిగులు వాయువును లాగేసే ఏర్పాటు లేని గదుల్లో వారానికి ఐదు గంటలో అంతకన్నా ఎక్కువో పనిచేసిన ఆడవాళ్లకు ఏ నెలకానెల గర్భం వచ్చే అవకాశం, వాయువు సోకనివాళ్లతో పోలిస్తే 41 శాతమే.

బ్రిటన్ మరో దారి పట్టింది. ఎలుకల్లో 1000 పీపీఎం దగ్గర పిండాలకు హాని కనిపించింది, 500 దగ్గర కనిపించలేదు. అక్కడి నుంచి బాగా కిందికి దిగి 1996లో 100 పీపీఎం అన్నారు. 25 కన్నా నాలుగు రెట్లు వదులు అనిపిస్తుంది కానీ కొలిచే పద్ధతే వేరు. అమెరికా సిఫార్సు మత్తిస్తున్న సమయానికి సగటు, బ్రిటన్‌ది ఎనిమిది గంటల డ్యూటీకి సగటు. ఒక గంట 800 పీపీఎం పీల్చి, మిగతా ఏడు గంటలు శుభ్రమైన గాలిలో ఉన్నా సగటు 100కే వస్తుంది. కాగితం మీద తప్పేమీ కనిపించదు.

అంకె ఏదైనా, దాన్ని నిలబెట్టేది గొట్టాలూ గాలీ. యంత్రం వదిలే మిగులు వాయువును బయటకు లాగే స్కావెంజింగ్ గొట్టం ఉండాలి, గదిలోకి బయటి గాలి రావాలి. గోడకు తగిలించిన స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే చల్లబరిచి తిప్పుతుంది, వాయువును ఎక్కడికీ పంపదు. ముక్కును నమ్ముకోవడమూ కుదరదు. హాలోథేన్ వాసన తెలిసేసరికి 2 పీపీఎం ఎప్పుడో దాటి ఉంటుంది.

2022, 2023 నాటికి ఇంగ్లండ్‌లో కొన్ని ఆసుపత్రులు ప్రసవ గదుల్లో నొప్పులకిచ్చే గ్యాస్‌ను కొంతకాలం ఆపేశాయి. అది సగం నైట్రస్ ఆక్సైడ్, సగం ఆక్సిజన్. కొలిచి చూస్తే గాలిలో మోతాదు 100కు చాలా పైన ఉంది. థియేటర్లకున్నంత గాలి మార్పిడి ఆ గదులకు లేదు. లాగే గొట్టం ఉన్నా, తల్లి మాస్కులోకే ఊపిరి వదిలితేనే అది పనిచేస్తుంది. నొప్పి ఎగదన్నినప్పుడు ఆమె మాస్కు పక్కకు నెట్టేసి అరుస్తుంది. మంత్రసాని నర్సు అప్పుడు ఆమె ముఖం మీదికి వంగి, చెయ్యి పట్టుకుని ఉంటుంది.